ఇంట్లోనే వాల్వు స్టీరియో యాంప్లిఫయరు: మొదటిసారి తయారుచేసేవారికి

వైండింగ్ షాపుకు వెళ్లి "ఐదు వేల ఓమ్‌ల ప్రైమరీ, ఎనిమిది ఓమ్‌ల సెకండరీ ఉన్న ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి" అంటే ఆయన మన ముఖంలోకి చూస్తాడు. "ముప్పై ఆరు గేజి తీగ రెండున్నర వేల చుట్లు, ఇరవై రెండు గేజి వంద చుట్లు" అంటే మారు మాట్లాడకుండా బాబిన్ చేతిలోకి తీసుకుంటాడు. వాల్వులతో, అంటే పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలతో, యాంప్లిఫయరు తయారుచేయాలనుకునేవారు ముందు నేర్చుకోవలసింది ఈ భాషే. వాల్వులను పోస్టులో తెప్పించుకోవచ్చు. రెసిస్టర్లు, కెపాసిటర్లు విజయవాడ గవర్నర్‌పేట వైపు ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో గంటలో కొనుక్కోవచ్చు. పాట బాగా పలుకుతుందా లేదా అన్నది మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరే తేలుతుంది. వాటిని చుట్టే చేతులు విజయవాడలోనే ఉన్నాయి.

మనం తయారుచేయబోయేది ఒక్కో వైపు సుమారు 3 వాట్లు ఇచ్చే చిన్న స్టీరియో. వినడానికి తక్కువగా అనిపించవచ్చు. పన్నెండడుగుల గదిలో, ఒక వాటుకు 90 డెసిబెల్స్ పలికే స్పీకరు ఉంటే ఇది ఇల్లంతా వినిపిస్తుంది.

ముందు ప్రాణం సంగతి

ఈ యాంప్లిఫయరు లోపల 230 నుంచి 280 వోల్టుల డీసీ ఉంటుంది. అది ప్రాణం తీయగల వోల్టేజి. పైగా ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది. అందుకే కరెంటు సరఫరాలోని మొదటి కెపాసిటరు రెండు కాళ్ల మధ్య 100 కిలోఓమ్‌ల 2 వాట్ల రెసిస్టరును శాశ్వతంగా వేయండి. ప్లగ్గు తీసిన తర్వాత ఒకటి రెండు నిమిషాల్లో అది చార్జిని ఖాళీ చేస్తుంది. అయినా నమ్మకండి. ప్రతిసారీ మీటరు పెట్టి, 10 వోల్టుల కంటే తక్కువ ఉందని కళ్లతో చూశాకే వేలు పెట్టండి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే మీటరు నల్ల తీగను క్లిప్పుతో ఛాసిస్‌కు (భాగాలన్నీ బిగించే లోహపు పెట్టెకు) తగిలించి, ఎర్ర తీగను ఒక్క చేత్తోనే పట్టుకోండి. రెండో చేయి వీపు వెనుక ఉండాలి. కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకోండి. ఇంట్లో మరో మనిషి లేనప్పుడు ఈ పని చేయకండి.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా 230 వోల్టులను డయోడ్లతో డీసీగా మార్చే సర్క్యూట్లు కనిపిస్తాయి. పాత రేడియోల్లో కూడా అలాంటివి ఉండేవి. వాటి జోలికి పోవద్దు. అందులో ఛాసిస్‌కే ఫేజు తగిలే ప్రమాదం ఉంది. మూడు పిన్నుల ప్లగ్గు వాడి, ఆకుపచ్చ తీగను ఛాసిస్‌కు బోల్టుతో బిగించండి. వన్‌టౌన్ వైపు పాత ఇళ్లలోనైతే సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉందని అనుకోకూడదు. ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి.

ఏ వాల్వు, ఎందుకు

నేను సూచించేది ఈసీఎల్82. అమెరికా లెక్కలో దీన్నే 6బీఎం8 అంటారు. ఒకే గాజు గొట్టంలో రెండు వాల్వులుంటాయి: చిన్న సంకేతాన్ని పెంచే ట్రయోడ్, స్పీకరును నడిపే పెంటోడ్. అందువల్ల స్టీరియోకు మొత్తం రెండే వాల్వులు, రెండే సాకెట్లు చాలు. రేడియోల్లో, రికార్డు ప్లేయర్లలో విరివిగా వాడిన వాల్వు ఇది.

పేరులోని అక్షరాలకు అర్థం ఉంది. మొదటి అక్షరం ఫిలమెంటు, అంటే వాల్వును వేడెక్కించే తీగ, సంగతి చెబుతుంది. ‘ఈ’ అంటే 6.3 వోల్టులు. ‘సీ’ ట్రయోడ్‌కు, ‘ఎల్’ ఔట్‌పుట్ పెంటోడ్‌కు గుర్తు. ఇది తెలియక చాలామంది పీసీఎల్82 కొనుక్కొస్తారు. అది టీవీల కోసం చేసినది. లోపలి భాగాలన్నీ అవే అయినా దాని ఫిలమెంటుకు 16 వోల్టులు కావాలి. మన 6.3 వోల్టులకు అది సరిగా వేడెక్కదు. కొనేటప్పుడు గాజు మీద అక్షరాలు చదవండి. గాజు లోపల అద్దంలా మెరిసే వెండి పూత ఉంటుంది, అది ఎలా ఉందో కూడా చూడండి. పాలలా తెల్లబడి ఉంటే లోపలికి గాలి వెళ్లిందని అర్థం. ఆ వాల్వు ఇక పనికిరాదు.

ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టించడం

ఖర్చులో పెద్ద వాటా ఇక్కడే. తగ్గించుకోవద్దు.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ సులువు. ప్రైమరీ, అంటే కరెంటు లోపలికి వెళ్లే వైండింగు, 230 వోల్టులు. సెకండరీలు, అంటే కరెంటు బయటికిచ్చే వైండింగులు, రెండు: 180 వోల్టులు 200 మిల్లీఆంపియర్లు ఒకటి, 6.3 వోల్టులు 2 ఆంపియర్లు మరొకటి. ఒక్కో వాల్వు ఫిలమెంటు 0.78 ఆంపియరు తీసుకుంటుంది కాబట్టి రెండింటికీ 2 ఆంపియర్లు సరిపోతాయి. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య ఇన్సులేషన్ కాగితం మందంగా వేయమని తప్పకుండా చెప్పండి.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే అసలు పని. పెంటోడ్‌కు సుమారు 5000 ఓమ్‌ల భారం కావాలి, మన దగ్గరున్న స్పీకరు 8 ఓమ్‌లు. 5000ను 8తో భాగిస్తే 625. దాని వర్గమూలం 25. అంటే చుట్ల నిష్పత్తి ఇరవై అయిదుకు ఒకటి. మధ్య కాలు ఒక అంగుళం వెడల్పు, దొంతర ఒక అంగుళం మందం ఉన్న స్టాంపింగుల (ఇనుప రేకుల) మీద 36 గేజి తీగతో 2500 చుట్లు ప్రైమరీ, 22 గేజితో 100 చుట్లు సెకండరీ చుట్టించండి. ప్రైమరీని రెండు సగాలు చేయాలి. ముందు 1250 చుట్లు, దాని మీద సెకండరీ వంద, మళ్లీ పైన 1250. ఈ శాండ్‌విచ్ వల్ల తాళాలు, గజ్జెలు వంటి సన్నని ధ్వనులు మసకబారకుండా వస్తాయి. రెండు సగాలను ఒకే దిశలో చుట్టి, మొదటి దాని చివరను రెండో దాని మొదలుతో కలపాలి.

ఇక రేకుల మధ్య పెట్టే కాగితం సంగతి. మొదటిసారి నేను చుట్టించిన జతలో ఇది చెప్పలేదు. చుట్టే ఆయన మామూలుగా స్టెబిలైజరుకు చేసినట్టే ఇంగ్లిషు E, I అక్షరాల ఆకారంలో ఉండే ‘ఈ’ రేకులను, ‘ఐ’ రేకులను అటొకటి ఇటొకటి అల్లేశారు. పని ఎంతో నీటుగా ఉంది. ఇంటికొచ్చి కచేరీ ఒకటి పెట్టి వింటే వీణ బాగానే పలికింది గానీ మృదంగం ఎడమ మూత నాదం మాయమైంది. తప్పు చుట్టినవారిది కాదు. మన సర్క్యూట్‌లో ప్రైమరీ గుండా పాటతో పాటు 30 మిల్లీఆంపియర్లకు పైగా డీసీ ఎప్పుడూ ప్రవహిస్తూ ఉంటుంది. అల్లిన రేకుల్లో ఆ డీసీయే ఇనుమును అయస్కాంతంతో నింపేస్తుంది. ఇక మంద్రస్వరాలకు చోటుండదు. రేకులన్నిటినీ ఒకే వైపు పేర్చి, మధ్యలో చిన్న సందు వదిలితే ఆ ఇబ్బంది పోతుంది.

రెండోసారి వెళ్లినప్పుడు అదే చెప్పాను. "‘ఈ’ రేకులన్నీ ఒక పక్క, ‘ఐ’ రేకులన్నీ ఇంకో పక్క పెట్టాలి బాబాయ్. రెంటికీ మధ్య ఒక కాగితం."

ఆయన పని ఆపి కాసేపు ఆలోచించారు. "ట్యూబ్‌లైటు చోక్‌లో పెట్టినట్టు అన్నమాట. ముందే చెప్పాల్సింది బాబూ."

సరిగ్గా అదే. మామూలు జిరాక్సు కాగితం ఒక పొర, అంటే 0.1 మిల్లీమీటరు మందం, సరిపోతుంది. అయస్కాంత రేఖలు ఆ సందును రెండుసార్లు దాటుతాయి కాబట్టి మొత్తం సందు 0.2 మిల్లీమీటర్లు అవుతుంది. ఈ సైజు రేకులకు, ఈ చుట్లకు లెక్క చక్కగా కుదురుతుంది. తర్వాత వార్నిష్‌లో ముంచి ఆరబెట్టించండి. చేతికి వచ్చాక మీటరు పెడితే ప్రైమరీ రెండు వందల ఓమ్‌ల పైచిలుకు చూపాలి, సెకండరీ ఒక ఓమ్ లోపే ఉండాలి. జతలో రెండూ దాదాపు ఒకేలా చూపాలి.

పెట్టె, అమరిక

పన్నెండు అంగుళాల పొడవు, ఎనిమిది వెడల్పు, రెండున్నర ఎత్తు ఉన్న 2 మిల్లీమీటర్ల అల్యూమినియం పెట్టె చాలు. ఆటోనగర్‌లో రేకు వంచే షెడ్డులో గీసిన కాగితం చూపిస్తే వంచి, రంధ్రాలు వేసి ఇస్తారు. సాకెట్లు చేతికి వచ్చి, వాటిని కొలిచాకే రంధ్రాల సైజు చెప్పండి. చుట్టూ చెక్క చట్రం కావాలంటే తేకు వాడండి. కొండపల్లి బొమ్మల పొనికి కర్ర చూడముచ్చటగానే ఉంటుంది, కానీ ఈ ఇనుప బరువును మోయలేదు.

బిగించే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఛాసిస్ మీద దాని చోటులో పెట్టి, ప్రైమరీకి మాత్రమే కరెంటు ఇవ్వండి. మిగిలిన కొసలన్నిటికీ టేపు చుట్టి ఉండాలి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి ఒక పాత హెడ్‌ఫోన్ తగిలించి చెవికి పెట్టుకోండి. తీగ ఏదీ కలపకపోయినా సన్నగా ‘గుమ్‌’మని వినిపిస్తుంది. ఇప్పుడు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను నెమ్మదిగా తిప్పండి. ఒక కోణం దగ్గర ఆ మోత దాదాపు ఆగిపోతుంది. సాధారణంగా రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఒకదానికొకటి అడ్డంగా ఉన్నప్పుడు అలా జరుగుతుంది. అక్కడే పెన్సిలుతో గీత గీసి బిగించండి. ఈ పది నిమిషాల పనిని తర్వాత ఏ కెపాసిటరూ చేసిపెట్టలేదు.

వాల్వులను ట్రాన్స్‌ఫార్మర్లకు, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు దూరంగా ఉంచండి. బెజవాడ ఎండల్లో గది వేడికి వాల్వుల వేడి కూడా తోడవుతుంది. కెపాసిటరు మీద 105 డిగ్రీలు అని రాసి ఉన్నవే కొనండి. 85 డిగ్రీలవి కొన్ని వేసవుల్లోనే ఎండిపోతాయి.

కరెంటు సరఫరా

స్విచ్చు, 500 మిల్లీఆంపియర్ల స్లో ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మర్. 180 వోల్టుల కొసలకు నాలుగు 1ఎన్4007 డయోడ్లతో బ్రిడ్జి. తర్వాత 100 మైక్రోఫారడ్ల 450 వోల్టుల కెపాసిటరు, 220 ఓమ్‌ల 10 వాట్ల సిమెంటు రెసిస్టరు, మళ్లీ 100 మైక్రోఫారడ్లది ఇంకొకటి. ఇక్కడ మనకు దాదాపు 230 వోల్టుల డీసీ, అంటే వాల్వులను నడిపే హెచ్‌టీ దొరుకుతుంది. ఇది ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లకు, పెంటోడ్‌ల 7వ పిన్నుకు వెళ్తుంది. ఇక్కడి నుంచి 10 కిలోఓమ్‌ల 1 వాట్ రెసిస్టరు, 22 మైక్రోఫారడ్ల 450 వోల్టుల కెపాసిటరు దాటించి ట్రయోడ్‌లకు హెచ్‌టీ ఇవ్వండి. ఎలక్ట్రోలైటిక్‌ల ప్లస్, మైనస్‌లను రెండుసార్లు చూసుకోండి. తిరగబడితే పేలుతాయి.

ఫిలమెంటు తీగలు రెండింటినీ జడలా బిగుతుగా మెలివేసి, ఛాసిస్ మూలను అంటిపెట్టుకుని నడపండి. అవి ప్రతి సాకెట్ 4, 5 పిన్నులకు చేరాలి. రెండు తీగల నుంచి చెరో 100 ఓమ్‌ల రెసిస్టరును గ్రౌండుకు (ఫిల్టరు కెపాసిటర్ల మైనస్ కలిసే తీగకు) కలపండి. దీంతో హమ్, అంటే స్పీకరులో వచ్చే గుమ్మనే మోత, చాలా తగ్గుతుంది.

ఒక్కో చానెల్

సాకెట్‌ను అడుగు నుంచి చూస్తూ, పిన్నుల మధ్య ఎడం ఎక్కువున్న చోటు దాటాక గడియారం ముల్లు తిరిగే దిశలో 1 నుంచి 9 వరకు లెక్కపెట్టండి. పై నుంచి చూసి లెక్కపెడితే అంతా తారుమారవుతుంది. పింగాణీ సాకెట్ మీద పెన్సిలుతో అంకెలు వేసుకుంటే తర్వాత తడుముకోనక్కర్లేదు.

ఫోను నుంచి వచ్చే సంకేతం 100 కిలోఓమ్‌ల లాగ్ రకం జంట వాల్యూమ్ కంట్రోలుకు వస్తుంది. దాని మధ్య కాలు నుంచి 1వ పిన్నుకు వెళ్తుంది. అదే ట్రయోడ్ గ్రిడ్డు. 8వ పిన్ను నుంచి 2.2 కిలోఓమ్‌లు గ్రౌండుకు. 9వ పిన్ను నుంచి 220 కిలోఓమ్‌లు ట్రయోడ్ హెచ్‌టీకి. పెరిగిన సంకేతాన్ని అదే 9వ పిన్ను నుంచి 0.1 మైక్రోఫారడ్ 630 వోల్టుల పాలియెస్టర్ కెపాసిటరు అవతలికి దాటిస్తుంది. డీసీని మాత్రం ఆపేస్తుంది. అవతల 470 కిలోఓమ్‌లు గ్రౌండుకు, 1 కిలోఓమ్ 3వ పిన్నుకు. ఈ ఒక కిలోఓమ్‌ను పిన్నుకు ఆనించినట్టే పెట్టాలి. దూరంగా పెడితే వాల్వు చెవికి వినపడని కీచుతో ఊగిసలాడవచ్చు. 2వ పిన్ను నుంచి 470 ఓమ్‌ల 2 వాట్ల రెసిస్టరు గ్రౌండుకు, దానికి అడ్డంగా 100 మైక్రోఫారడ్ల 50 వోల్టుల కెపాసిటరు. 6వ పిన్ను ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ ఒక కొసకు, రెండో కొస హెచ్‌టీకి. అంతే, ఒక చానెల్ పూర్తయింది. రెండోది అచ్చంగా ఇదే, కానీ ముందు ఒకటి పాడించాకే రెండోదాని టంకం మొదలుపెట్టండి.

గ్రౌండు తీగను ఎక్కడ పడితే అక్కడ ఛాసిస్‌కు తగిలించవద్దు. ట్యాగ్ స్ట్రిప్పుల మీద ఒక మందపాటి రాగి తీగను లాగండి. ఒక చివర మొదటి ఫిల్టరు కెపాసిటరు మైనస్ ఉండాలి, తర్వాత రెండోది, తర్వాత పెంటోడ్‌లు, తర్వాత ట్రయోడ్‌లు, చివరన ఇన్‌పుట్ సాకెట్లు. ఇన్‌పుట్ దగ్గర మాత్రమే, ఒకే ఒక్క చోట, ఛాసిస్‌కు కలపండి. ఇన్‌పుట్ సాకెట్లు కూడా ఛాసిస్‌కు తగలని రకమే కొనాలి. ఔట్‌పుట్ సెకండరీ ఒక కొసను కూడా ఈ గ్రౌండు తీగకే కలపండి.

మొదటిసారి వెలిగించడం

వాల్వులు పెట్టకముందే, 100 వాట్ల ఫిలమెంటు బల్బును కరెంటు వచ్చే తీగ మధ్యలో, సిరీస్‌లో పెట్టి స్విచ్చు వేయండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. పాత రకం బల్బు ఒకటి వెతికి దాచుకోండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే అంతా బాగున్నట్టు. పూర్తిగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది. వెంటనే ఆపి వెతకండి. ఈ దశలో హెచ్‌టీ 250 నుంచి 280 వోల్టుల వరకు చూపవచ్చు. భారం లేదు కాబట్టి అది సహజమే.

ఇప్పుడు ఆపి, చార్జి పోయిందని చూసి, వాల్వు పెట్టండి. స్పీకరు తప్పకుండా తగిలించి ఉండాలి. స్పీకరు లేకుండా పాట పంపితే ప్రైమరీలో వోల్టేజి విపరీతంగా పెరిగి ఇన్సులేషన్ కాలిపోతుంది. స్విచ్చు వేశాక గాజు లోపల, తెల్లటి గొట్టం కొనల దగ్గర, ప్రమిదలో వత్తి కొస అంటుకున్నట్టు నారింజ రంగు వెలుగు మొదలవుతుంది. దాదాపు అర నిమిషానికి స్పీకరులో చిన్న ‘ఫ్‌’ శబ్దం వస్తుంది. బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చి, 2వ పిన్ను దగ్గర కొలవండి. 16 నుంచి 19 వోల్టుల మధ్య ఉండాలి. 17 వోల్టులు ఉందనుకోండి, 470తో భాగిస్తే 36 మిల్లీఆంపియర్లు. ఈ వాల్వుకు అది సుఖమైన నడక. 20 దాటితే హెచ్‌టీ ఎక్కువగా ఉందన్నమాట, 470 ఓమ్‌ల బదులు 560 వేయండి. ఒకే చానెల్ ఉన్నప్పుడు హెచ్‌టీ పది పదిహేను వోల్టులు ఎక్కువ చూపుతుంది, కాబట్టి చివరి నిర్ణయం రెండో వాల్వు పెట్టాకే తీసుకోండి. 9వ పిన్ను దగ్గర సుమారు 100 వోల్టులు, 8 దగ్గర ఒకటికి కాస్త పైన ఉంటాయి. వాల్వు లోపలి నల్లని రేకు ఎర్రగా మారుతున్నట్టు కనిపిస్తే ఒక్క క్షణం కూడా ఆగకుండా స్విచ్చు తీసేయండి. తరచుగా అందుకు కారణం లీకవుతున్న 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరే.

పాట వచ్చిందా? ఇక చివరి తీగ, ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి పంపే ఫీడ్‌బ్యాక్. గ్రౌండుకు కలపని సెకండరీ కొస నుంచి 33 కిలోఓమ్‌ల రెసిస్టరును 8వ పిన్నుకు కలపండి. శబ్దం కాస్త తగ్గి, మంద్రం బిగుతుగా, స్వరం శుభ్రంగా మారితే సరిగ్గా కుదిరినట్టు. శబ్దం పెరిగినా, పెద్దగా కూత పెట్టినా సెకండరీ కొసలు రెండూ తారుమారు చేయండి. ఈ తీగ లేకుండా కూడా యాంప్లిఫయరు పాడుతుంది, కొందరికి అదే ఇష్టం. నాకు మాత్రం మృదంగం దెబ్బ దెబ్బకూ విడివిడిగా వినపడాలి కాబట్టి ఎప్పుడూ కలుపుతాను.

హమ్ వస్తుంటే ముందుగా ఇన్‌పుట్ తీగ పీకి వినండి. ఆగిపోతే యాంప్లిఫయరు తప్పు కాదు. ల్యాప్‌టాప్ చార్జరు తీసి చూడండి, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది. ఆగకపోతే వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. అయినా ఉంటే ఫిలమెంటు తీగల మెలికను, గ్రౌండు వరుసను మళ్లీ చూడండి. వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరమంటే 1వ పిన్ను నుంచి గ్రౌండుకు 1 మెగాఓమ్ వేయండి.

రెండో చానెల్ కూడా పూర్తయ్యాక అడుగున మూత బిగించడం మరచిపోకండి. పిల్లల వేళ్లు లోపలికి దూరే సందు ఎక్కడా ఉండకూడదు. మూతకు గాలి రంధ్రాలు వేసి, రబ్బరు కాళ్ల మీద అర అంగుళం ఎత్తులో నిలబెట్టండి. వాల్వుల గాజు చేయి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి చుట్టూ ఒక జాలీ ఉంటే మంచిది. మొదటి సాయంత్రం రెండు గంటలు పాడించి, ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచేయి ఆనించి చూడండి. వెచ్చగా ఉండవచ్చు, చేయి పెట్టలేనంత వేడిగా మాత్రం ఉండకూడదు. అంత వేడెక్కితే ఆపేసి, 2వ పిన్ను వోల్టేజి మళ్లీ కొలవండి. అది సరిగ్గానే ఉంటే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌ను చుట్టినవారి దగ్గరికే తీసుకెళ్లి, మీరు కొలిచిన అంకెలు కాగితం మీద రాసి చూపించండి.